సున్నా గొర్రెల ఆసామి

పోయిన వారం రేగొండ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆ పక్క ఊళ్లలో గొర్రెలకు సూదులు వేసే బృందంలో పనిచేస్తుందట. ఆరేడేళ్ల కింద నేను రాసిన సాఫ్ట్‌వేర్ మీదే వాళ్ల పని ఇప్పటికీ నడుస్తోందని విని కొంచెం గర్వపడేలోపు అసలు సంగతి చెప్పింది.

"మేడం, మా లిస్టుల ఒక వరుస తీసెయ్యాలె. మొట్టమొదటి వరుస. గొర్లు సున్నా అని ఉంటది. మీరు పరీక్ష కోసం పెట్టి మర్చిపోయిండ్రేమో అనుకున్నం మొదలు. కాదు, మనిషి ఉండె. పోయిన నెల ఆయన సుత పోయిండు. ఇగ గొర్లూ లేవు, మనిషీ లేడు. తీసెయ్యనా?"

ఊరి పేరు అడిగాను. చెప్పింది. ఆ తర్వాత ఆ పిల్ల రెండుసార్లు "హలో" అన్నట్టుంది. "నువ్వు ముట్టుకోకమ్మా, ఆదివారం నేనే వస్తాను" అన్నాను. ఒక్క వరుస తీయడానికి హైదరాబాద్ నుంచి మనిషి రావాలా అని ఆమెకు ఆశ్చర్యం. ఆ వరుస ఎవరిదో ఆమెకు తెలుసు. అది అక్కడికి ఎట్లా వచ్చిందో మాత్రం నాకే తెలుసు.

అది నా మొదటి ఉద్యోగం. జనగామ స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు మీద రెండు గదుల ఆఫీసు. ఓనరుతో కలిపి నలుగురం. మాది మానుకోట, సర్కారు కాగితాల్లో మహబూబాబాద్. మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నాడు ఓనరన్న. నచ్చకపోతే మళ్లీ మానుకోట బండెక్కాలి. ఇంట్లో నన్ను బీఎడ్ చేయించాలని అప్పటికే దరఖాస్తు తెచ్చి పెట్టారు.

ఆ మూడు నెలల్లో వచ్చిన పని గొర్రెల పెంపకందారుల సంఘం ఒకటి ఇచ్చింది. ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని గొర్రెలున్నాయి, ఏ గొర్రెకు ఏ సూది ఎప్పుడు పడింది, ఇదంతా కంప్యూటర్లో ఉండాలి. గొర్రెల సంగతి తెలిసిన మనిషి ఒకరు మా పక్కన కూర్చోవాలని సంఘంవాళ్లే ఒకాయనను పంపారు. పశువుల దవాఖానలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఊరు రేగొండ దగ్గర. జనగామలో చెల్లెలింట్లో ఉండి రోజూ పది కొట్టేసరికి మెట్లెక్కి వచ్చేవాడు. నేను కాకా అనేదాన్ని.

పొట్టి మనిషి. కళ్లజోడుకు ఒక కాలు లేదు, ఆ పక్క నల్లదారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. రెండో చెవి మీద పెన్సిల్. మొదటిరోజు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను స్క్రీన్ మీద వరుసలను గబగబా జరుపుతుంటే భుజం మీద వేలితో తట్టాడు.

"జర ఆగు బిడ్డా. మనిషిని చూడనీ."

"మనిషి లేడు కాకా. అవి ఉత్తయే. ఇంకా అసలు పేర్లు రాయలేదు కదా. పని సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి కంప్యూటరే ఏదో ఒక పేరు, ఏదో ఒక ఊరు తీసుకొని పెట్టింది. ర్యాండమ్."

"గదెట్ల? పేరున్నది, ఊరున్నది, ఆరు గొర్లున్నయి. మనిషి లేకుంట ఆ గొర్లను ఎవలు కాస్తుండ్రు?"

నేను మీట మీద నుంచి వేలు తీసి, ఆయన ఆ వరుస చదివేదాకా ఆగాను.

నేను చేసిందేమిటో కొంచెం చెప్పాలి. మూడు టేబుళ్లు, అంటే పట్టికలు. మొదటిది ఆసాములది, రెండోది గొర్రెలది, మూడోది సూదులది. ప్రతి గొర్రె పక్కన దాని ఆసామి నంబరు ఉండాలి, ప్రతి సూది పక్కన గొర్రె నంబరు ఉండాలి. లేని ఆసామికి గొర్రెను ఎక్కిస్తే డేటాబేస్ ఒప్పుకోదు, మొహం మీదే తిప్పి కొడుతుంది. అందుకని ముందు అరవై మంది ఆసాములను ఒకే దెబ్బకు ఎక్కించాను. వాళ్లకు వచ్చిన నంబర్లు పట్టుకుని ఒక్కొక్కరికి తోచినన్ని గొర్రెలు, ఆ గొర్రెల నంబర్లు పట్టుకుని తోచినన్ని సూదులు. డేటాబేస్‌కు అర్థమయ్యే ఎస్క్యూఎల్ భాషలో పదిహేను లైన్లు. రాసి మీట నొక్కితే కన్ను మూసి తెరిచేలోపు మూడు జిల్లాల గొర్ల మందలు తయారు. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

కాకకు స్క్రీన్ పడదు. మొత్తం కాగితం మీద కావాలన్నాడు. కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తెచ్చిస్తే, కిటికీ పక్క కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని, హాజరు పిలిచినట్టు ఒక్కొక్క వరుస పైకి చదివేవాడు. ఆలోచన పడితే నాలుకతో టుర్ర్ టుర్ర్ మని గొర్రెలను పిలిచే చప్పుడు చేసేవాడు. మీరు పైన మేకలు పెంచుతున్నారా అని జిరాక్స్ షాపాయన ఒకరోజు నన్ను నిలదీశాడు.

మొదటి పేజీ పూర్తికాకుండానే పెన్సిల్ చెవి మీద నుంచి దిగింది.

"ఈ పొట్టేలు రెండుసార్లు ఈనింది."

చూశాను. నిజమే. మగా ఆడా అన్నది ఒక ర్యాండమ్, ఈతలు ఎన్ని అన్నది ఇంకొక ర్యాండమ్. రెండింటికీ మాటల్లేవు.

"ఈ పిల్లకు పుట్టకముందే సూది ఏసినవు. ఎవలికేసినవు, తల్లికా?"

అదీ నిజమే.

"ఈ ముప్పై ఏడో నంబరుకు ఒక్కనాడే మూడు సూదులు. తొడ వాసి ఉంటది బిడ్డా. నాలుగు దినాలు కుంటుతది." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నిజంగానే ముడుచుకుపోయింది. నేను నవ్వాను. కానీ ఆ సాయంత్రం కూర్చుని అన్నీ సరిచేశాను. ముందు పుట్టిన తేదీ, దాని తర్వాత ఎప్పుడో ఒకప్పుడు మొదటి సూది, ఆ తర్వాత కొన్నాళ్లకు రెండోది. పొట్టేళ్లకు ఈతలు బంద్. ర్యాండమ్‌కు కూడా ముందూవెనకా ఉండాలన్న సంగతి నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో నాకెవరూ చెప్పలేదు. ఇంకోటి, ఎంత నొక్కినా ఒక్కొక్కరికి తొమ్మిదికి మించి గొర్రెలు రానందుకు కూడా నవ్వాడు. "తొమ్మిది గొర్లకు మంద అంటరా? వాకిట్ల కట్టేసుకుంటరు గని."

రెండోరోజు పెద్ద పంచాయితీ అయింది. పొద్దున్నే పాత వరుసలన్నీ తుడిచేసి కొత్తవి ఎక్కించడం నా అలవాటు. కాక కాగితం అందుకుని చదివి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పాడు.

"నిన్నటోళ్లేరి?"

"తీసేశాను కాకా. వీళ్లు కొత్తవాళ్లు."

"అరవై మందినా?" అని నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఒక ఊరిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిన మనిషిని చూసినట్టు చూశాడు. "నేను నిన్న సగం దాకా చదివిన గద. మల్ల మొదటికొచ్చె."

కోపమొచ్చింది నాకు. గొర్రెలూ లేవు, మనుషులూ లేరు, ఈయన పరేషాన్ ఒకటి. కానీ మధ్యాహ్నం దాకా ఆయన చాయ్ కూడా ముట్టలేదు. ర్యాండమ్‌కు ముందే ఒక సంఖ్య ఇచ్చి పెడితే ఎన్నిసార్లు నడిపినా అవే పేర్లు, అవే లెక్కలు వస్తాయి. ఆ వెసులుబాటు ఎప్పుడూ వాడలేదు. ఆ రోజు వాడాను. నా పుట్టినరోజు తేదీ పెట్టాను. అప్పటి నుంచి రోజూ పొద్దున అవే అరవై మంది, అవే గొర్రెలతో, తప్పకుండా వచ్చేవాళ్లు. కాక వాళ్లను పలకరించేవాడు. "ఏం కొమురన్నా, పిల్లలు మంచిగున్నయా" అని కాగితాన్ని అడగడం నా చెవులతో విన్నాను. పదిరోజుల్లో అరవై పేర్లూ ఊర్లతో సహా నోటికొచ్చాయి. అందరిలోకీ ఆయనకు బుచ్చవ్వ అంటే అభిమానం. కేసముద్రం పక్క ఊరు, వయసు అరవై రెండు. అంతకుమించి ఆమె గురించి కంప్యూటర్ ఏమీ చెప్పలేదు. మిగతాది కాక చెప్పేవాడు. నోరు పెద్దదట, మనసు మంచిదట.

రెండో నెలలో అసలు లిస్టు తయారుచేశాను. సూదుల బృందం చేత్తో పట్టుకుని ఊళ్లమీదికి పోవాల్సిన లిస్టు. ఆసామి పేరు, ఊరు, ఎన్ని గొర్రెలు, ఏ సూది బాకీ. ప్రింటు తీసిచ్చి, మెచ్చుకుంటాడని నిలబడ్డాను. ఆయన వేలు పెట్టి చదివాడు. చివరిదాకా పోయి మళ్లీ మొదటికొచ్చాడు.

"బుచ్చవ్వ రాలే."

"ఎక్కడికి?"

"గిండ్ల. ఇంకో ఆరుగురు సుత రాలే." అని ఆ ఆరుగురి పేర్లు వరుసగా చెప్పాడు.

వెళ్లి చూశాను. అరవై మందికి యాభై ముగ్గురే వచ్చారు. కారణం తెలిసి నాలుక కరుచుకున్నాను. ఒకటి నుంచి పది దాకా గొర్రెలు ఇద్దామని రాసి, ఒకటి కలపడం మర్చిపోయాను. అందువల్ల సున్నా నుంచి తొమ్మిది దాకా వచ్చాయి. ఏడుగురికి సున్నా పడింది. ఆసాముల టేబులునూ గొర్రెల టేబులునూ కలిపేటప్పుడు రెండింట్లోనూ ఉన్నవాళ్లే వస్తారు కాబట్టి ఆ ఏడుగురూ లిస్టులోకి రాలేదు.

"తప్పు నాదే కాకా. వాళ్లకు గొర్రెలు లేవు, అందుకే రాలేదు. ఒకటి కలిపితే అందరికీ వస్తాయి. రెండు నిమిషాలు."

ఆయన కళ్లజోడు తీశాడు. దారం చెవికి చిక్కుకుంటే మెల్లగా విడిపించుకున్నాడు.

"మా నాయిన పేరు గిట్లనే పోయింది" అన్నాడు.

అంతకుముందు ఆయన తన సంగతి ఒక్కటీ చెప్పలేదు. ఆ రోజు చెప్పింది కూడా ఎంతోసేపు కాదు. ఆయన చిన్నప్పుడు ఒక వానాకాలం మొదట్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే బొబ్బ రోగం వచ్చి వాళ్ల మందకు మంద నెలలో పోయిందట. మరుసటి ఏడాది సూదులవాళ్లు ఊళ్లోకొచ్చారు. చేతిలో మందలున్నవాళ్ల లిస్టు. ఆయన నాయిన వాకిట్లో నిలబడి ఉంటే ముందు నుంచే ఆగకుండా పోయారు.

"ఆల్లది తప్పు కాదు. లిస్టుల లేడు. అప్పటికి మా నాయిన ఎక్కడినుంచో నాలుగు పిల్లలను తెచ్చి దొడ్లె కట్టేసుకున్నడు. అడిగినోడు లేడు, చెప్పేటందుకు ఈయనకు సిగ్గు. సూది పడలే. నాలుగూ పోయినయి, వాటి ఎంబడి పక్కింటోళ్లయి సుత పోయినయి." సాసర్లో చల్లారిన చాయ్ వైపు చూశాడు. "గొర్లు ఉన్నోడు ఎటు పోతడు బిడ్డా, మందతోటి కనపడుతనే ఉంటడు. పోగొట్టుకున్నోడే రేపు ఎవ్వలికి చెప్పకుంట తెచ్చుకుంటడు. ఆని ఇంటికే ముందుగాల పోవాలె. లిస్టుల ఆడు పైన ఉండాలె."

నేను అప్పుడే కూర్చుని మార్చాను. గొర్రెలున్నా లేకున్నా ఆసాములందరూ రావాలి, సున్నా ఉన్నవాళ్లు పైన రావాలి. బుచ్చవ్వ మొట్టమొదటి వరుసలో కూర్చుంది. కాక ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఓనరన్న చూసి అంతెత్తున లేచాడు. ఎల్లుండి మానుకోటలో సంఘంవాళ్ల ముందు చూపించాలి. "గొర్రెల సాఫ్ట్‌వేర్ తెరవంగానే ఏడు సున్నాలా? అపశకునం లెక్క. చూసినోళ్లు తప్పులున్నయనుకుంటరు. అందరికీ గొర్రెలియ్యి. గీ పని పోతే నీకు నేను ఉద్యోగం ఎక్కడినుంచి తేవాలె?" అన్నాడు. నేను ఇచ్చాను. నిజం చెప్పుకోవాలి కదా. ఒకటి కలిపాను, అరవై మందికీ గొర్రెలొచ్చాయి, లిస్టు అద్దంలా ఉంది. బీఎడ్ దరఖాస్తు నా కళ్ల ముందు ఆడుతుంటే బుచ్చవ్వ ఏం కనిపిస్తుంది.

మానుకోట పోయే బండిలో కాకా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ఓనరన్న ముందురోజే వెళ్లాడు. వరంగల్ దాటాక కాక కొత్త ప్రింటు తీసి చదవడం మొదలుపెట్టాడు. ఒక్క వరుస దగ్గరే ఆగిపోయాడు.

"బుచ్చవ్వకు గొర్రె వచ్చిందా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఎవలిచ్చిండ్రు?" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే సంతోషపడదామా వద్దా అని అడుగుతున్నాడు. నేను ల్యాప్‌టాప్ సంచి ఒళ్లోకి లాక్కున్నాను. ఆయన మరి అడగలేదు. నా మీద కోపం చేసినా బాగుండేది. కాగితం మడిచి సంచిలో పెట్టి, పల్లీలు ఒలిచి సగం నా చేతిలో పోశాడు.

కేసముద్రంలో బండి ఆగింది. మార్కెట్‌కు వచ్చిన రైతులు దిగారు. బండి కదలగానే ల్యాప్‌టాప్ తెరిచాను. బ్యాటరీ అడుగంటింది. మానుకోట వచ్చేలోపు చేయాలి. ఆ కలిపిన ఒకటి తీసేశాను. సున్నాలవాళ్లను మళ్లీ పైకి తెచ్చాను. పని పోతే పోయిందిలే అని పైకే అన్నట్టున్నాను, ఎదుటి సీటులో టుర్ర్ టుర్ర్ మని చప్పుడు వినిపించింది. తలెత్తితే కాక కిటికీ వైపు చూస్తూ నవ్వుకుంటున్నాడు.

సంఘం హాలు నిండా గొంగళ్లు. తెర మీద మొదటి వరుస: బుచ్చవ్వ, సున్నా. ఓనరన్న నన్ను చూసిన చూపుకు నేను సగం కాలిపోయాను. ముందు వరుసలో పెద్దమనిషి ఒకాయన లేచాడు.

"గొర్లు లేనామెను గొర్లోళ్ల లిస్టుల పైన పెట్టిండ్రేంది?"

నేను కాక వైపు చూశాను. ఆయన లేవలేదు. "నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు. చెప్పాను. ఆయన నాకు ఎట్లా చెప్పాడో అట్లాగే, చివరికి ఆయన మాటల్లోనే చెప్పాను. బయట వరండాలో ఎవరో లేచిన అలికిడి. ఒక నడివయసు మనిషి గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"నా పేరు సుత రాస్తరా? పోయిన వానలకు వాగు పొంగి నాయి అన్ని కొట్టుకపోయినయి. గొర్లున్నోళ్లకే మీటింగనుకొని బయట కూసున్నం."

కూసున్నం అన్నాడు. అతని వెనక ఇంకా నలుగురున్నారు. ముందు వరుస పెద్దమనిషి తన కుర్చీ ఖాళీ చేసి వాళ్లను లోపలికి పిలిచాడు. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిన మొదటి అసలు పేర్లు ఆ ఐదు. ఐదింటి పక్కనా సున్నా. నా ఉద్యోగం నిలిచింది. సున్నాలు పైన పెట్టడం తన ఆలోచనే అని ఓనరన్న తర్వాత ఏడాదిపాటు అందరికీ చెప్పుకున్నాడు. కాక విని "చెప్పుకోనీ, ఆయనకు సుత ఏదన్న ఉండాలె గద" అన్నాడు.

ఆదివారం రేగొండ వెళ్లాను. ఫోన్ చేసిన పిల్ల బస్టాండులో ఎదురుచూస్తోంది. దారి పొడుగునా చెప్పింది. సాఫ్ట్‌వేర్ రాగానే ఆ మండలంలో మొదట పేరు రాయించుకున్నది కాకేనట. గొర్రెలెన్ని అంటే సున్నా అన్నాడట. రూలు ప్రకారం ప్రతిసారీ బృందం ముందు ఆయనింటికే పోవాలి. ఆయన చాయ్ ఇచ్చి, మందు డబ్బా మూత తీసి, లోపల ఐసు ఉందా కరిగిందా అని వేలు పెట్టి చూసేవాడట. కరిగితే మందు పాడైనట్టే అని వెనక్కి పంపేవాడట.

"దగ్గర దగ్గర ఏడేండ్లు మమ్మల్ని తనిఖీ చేసిండు మేడం. గొర్రె లేదు, మేక లేదు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ముసలాయన ఎంత పని చేశాడు.

వాకిట్లో ఆయన భార్య మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనెవరో చెప్పగానే తల పంకించింది.

"కంప్యూటర్ బిడ్డవు గద. ఎరుకే." నన్ను కూర్చోమని పీట జరిపి, మొదటి మాటగా అడిగింది. "బుచ్చవ్వ మంచిగున్నదా?"

నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. "మంచిగున్నది చిన్నమ్మా" అన్నాను.

పిల్ల మెల్లగా వరుస సంగతి ఎత్తింది. చిన్నమ్మ తొడిమ తీస్తూనే విన్నది.

"తీసుడెందుకు? నా పేరు రాయుండ్రి."

"నీకు గొర్లున్నయా అవ్వా?"

"లేవు. మొన్న అంగట్ల రెండు పిల్లలను బేరం చేసిన. పైసలు సుత తీసిన. మల్ల కొంగుల కట్టుకొని ఇంటికొచ్చిన."

"ఎందుకు?"

"కొంటే నేను కిందికి పోత గద. మీరు ముందుగాల మా ఇంటికి రారు." ఎండలో మెరుస్తున్న కాయలను ఒక పక్కకు తోసింది. "మీరొచ్చినప్పుడు ఆయన ఐసు సూస్తుండె. ఇప్పుడు ఎవలు సూడాలె?"

"కొనుక్కో అవ్వా, ఎట్లయినా నీ ఇంటికే ముందు వస్తం" అన్నది పిల్ల.

"గట్లని కంప్యూటర్ల రాసుంటదా?" అని నా వైపు తిరిగింది. రాసి లేదని నాకు తెలుసు. ఆ ప్రోగ్రాం రాసింది నేనే కదా.

అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచాను. వరుస తీసెయ్యలేదు, కాక పేరు చోట చిన్నమ్మ పేరు రాశాను. సున్నాను ముట్టుకోలేదు. మూసేద్దామని మూత మీద చెయ్యి వేసేసరికి చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"జర ఆగు బిడ్డా," అన్నది. "నన్ను చూడనీ."